అల చిన్నదే, ముప్పు పెద్దది

సముద్రం మన జిల్లాలకు దూరమైనా పడవ ప్రమాదాలు దూరం కాలేదు. 2021 మే నెలలో, కరోనా కాలంలో, హైదరాబాదు నుండి స్వగ్రామాలకు తిరిగి వస్తున్న ఒడిశా వలస కూలీలు రాత్రివేళ సీలేరు జలాశయంలో నాటు పడవలు మునిగి ప్రాణాలు కోల్పోయారు.

జలాశయపు అలను తేలికగా చూడరాదు. నడిసముద్రంలో దూరం నుండి వచ్చే అల పొడవైనది. పడవ దానిపైకి ఎక్కి దిగుతుంది. జలాశయంలో గాలికి లేచే అలలు పొట్టివి, నిటారైనవి. ఒకదాని నుండి తేరుకోకముందే మరొకటి తాకుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీర మత్స్యకారులు తరతరాలుగా వాడిన తెప్ప, దుంగలను తాళ్లతో బిగించి కట్టినది. పైకి వచ్చిన నీరు సందులగుండా జారిపోతుంది. మన దోనె అటువంటిది కాదు. లోపలికి చేరిన నీరు పడవ ఒరిగిన వైపే పరుగెత్తి దానిని బోర్లిస్తుంది. కనుక అలకు పడవ ముక్కును ఎదురుగా ఉంచాలి, పక్కను చూపరాదు. బరువు అడుగున ఉండాలి, ఎవరూ లేచి నిలబడరాదు. గాలి లేచినా, చీకటి పడినా ప్రయాణం మానుకోవాలి.

అయితే భారమంతా ప్రయాణికునిపైనే మోపుట న్యాయం కాదు. చిత్రకొండ ప్రాంతానికి 2018లో గురుప్రియ వంతెన వచ్చింది; అన్ని రేవులకూ ఆ భాగ్యం లేదు. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం యంత్రం లేని పడవలను సైతం తన పరిధిలోకి తెచ్చింది. ఒక గట్టు ఒడిశాలో, మరో గట్టు ఆంధ్రలో ఉన్న జోలాపుట్ వంటి చోట్ల ఇరు ప్రభుత్వాలు కలసి పడవలను నమోదు చేయాలి. లైఫ్ జాకెట్లు ఇవ్వాలి. మోయదగిన బరువును తెలిపే గీతను ప్రతి పడవపై గీయించాలి. వంతెన వచ్చేవరకు ఆ గీతే మనకు రక్షణ రేఖ.