పది రాస్తానన్న పిల్లను ఆపే హక్కు ఎవరికుంది?

నేను పదో తరగతి ప్రైవేటుగా రాసి పాసైనదాన్ని. తొమ్మిదిలో ఉండగానే పెళ్లి చేశారు. పాప పుట్టాక, ఆడబిడ్డ కొడుకు తన పాత పుస్తకాలు తెచ్చిస్తే రాత్రిళ్లు దీపం పెట్టుకుని చదివాను. లెక్కల్లో అత్తెసరు మార్కులొచ్చాయి, అయినా పాసయ్యాను. అప్పట్లో దరఖాస్తు నింపి ఫీజు కడితే చాలు. ములుగులో బడి పిల్లల పక్క బెంచీ మీదే కూర్చుని, వాళ్లు రాసిన పేపరే రాశాను. వాళ్లకిచ్చిన మెమోనే నాకూ ఇచ్చారు. ఆ మెమోతోనే అంగన్‌వాడీ టీచరునయ్యాను. ఏ బడిలో చదివావని ఆ తర్వాత నన్నెవరూ అడగలేదు.

మొన్న మా పక్క గూడెం నుంచి ఒక కోయ పిల్ల వచ్చింది. ఎనిమిదిలో ఉండగా తల్లి మంచం పడితే ఆశ్రమ పాఠశాల మానేసింది. జనవరి నుంచి మిర్చి ఏరబోతుంది, ఎండాకాలం తునికాకు కోతకు పోతుంది. "టీచరమ్మా, నేను పది రాస్త. ఇంట్ల చదువుకుంట" అంది. వెంటబెట్టుకుని ఒక హైస్కూలుకు తీసుకెళ్లాను. నామినల్ రోల్‌లో పేరు లేకుండా హాల్ టికెట్ రాదని చెప్పారు. వాళ్లననేదేం లేదు, నిబంధనే అలా ఉంది.

ఇప్పుడు మన తెలంగాణ పదో తరగతిలో ప్రైవేటుగా రాయగలిగేది ఒకసారి తప్పినవాళ్లు మాత్రమే. బడి పట్టీలో పేరు లేని పిల్లను ఓపెన్ స్కూలుకు పొమ్మంటారు. దానికి పెద్ద కారణంగా చెప్పేది ఇంటర్నల్ మార్కులు. పేపరుకు 80, బడిలో ఏడాది పొడుగునా పెట్టే పరీక్షలకు, ప్రాజెక్టులకు 20. ఇంట్లో చదువుకున్న పిల్లకు ఆ ఇరవై ఎవరు వేస్తారన్నది ప్రశ్న. 2024 నవంబరులో ఇంటర్నల్స్ ఎత్తేసి వంద మార్కులకూ పేపరే పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. వెంటనే వాయిదా వేసింది. అంటే వంద మార్కుల పేపరు పెట్టడం అసాధ్యమని ఎవరూ అనుకోవడం లేదు. ఇంటర్నల్స్ ఉన్నా సరే, దారి ఉంది. మహారాష్ట్రలో ప్రైవేటుగా రాయడానికి పదిహేడో నంబరు ఫారం నింపిన పిల్లను ఒక బడికి అప్పజెప్తారు, మిగతా పని ఆ బడి చూసుకుంటుంది. తమిళనాడులో నేరుగా పది రాసే పిల్లలు సైన్సు ప్రాక్టికల్ శిక్షణకు పేరు నమోదు చేసుకుంటారు. ఢిల్లీలో నివాసముండే ఆడపిల్లలకైతే సీబీఎస్‌ఈ నిబంధనల్లోనే ప్రైవేటుగా రాసే వీలుంది. ఢిల్లీ ఆడపిల్లకు ఉన్న వీలు ములుగు ఆడపిల్లకు ఎందుకు లేదు?

ఓపెన్ స్కూలు వద్దని నేననను. 1991లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ సంస్థ వల్ల చదువు మళ్లీ మొదలుపెట్టినవాళ్లు మా అంగన్‌వాడీల్లోనే ఉన్నారు. కానీ అది వేరే పరీక్ష, వేరే మెమో. ఆ తేడాను పట్టుకుని పిల్లల్ని పక్కకు నెట్టిన సందర్భం మనం చూశాం. 2018లో వైద్య విద్య నిబంధన ఒకటి ఓపెన్ స్కూల్లోనో ప్రైవేటుగానో ఇంటర్ పాసైన పిల్లలు నీట్ రాయడానికి వీల్లేదంది. అదే ఏడు ఢిల్లీ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. సుప్రీంకోర్టులో ఆ సంగతి 2024లో గానీ తేలలేదు. డాక్టరు కావాలనుకున్న పిల్లకు ఆరేళ్లంటే చిన్న మాట కాదు.

ఇంటర్‌లో కాలేజీకి పోకుండా ప్రైవేటుగా రాసేందుకు హాజరు మినహాయింపు ఉంది. అదీ ఆర్ట్స్ గ్రూపులకే. ప్రాక్టికల్స్ ఉంటాయి కనుక సైన్సు గ్రూపులు కుదరవంటారు. మా గూడేల్లో ఆడపిల్లలు ఎక్కువగా కోరుకునేది నర్సు పని. బీఎస్సీ నర్సింగ్ కావాలంటే బైపీసీ చదవాలి. ఏటూరునాగారం జూనియర్ కాలేజీలో సెలవుల్లో కొన్నాళ్లు ల్యాబు తెరిచి ప్రాక్టికల్స్ చేయిస్తే సరిపోయేదానికి ఆ పిల్లల ఆశనే మూసేస్తున్నాం.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ సంగతి అందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆమె చిన్నప్పుడే బడి మానేసింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా రాసింది. తర్వాత మద్రాసులో తన చుట్టుపక్కల ఆడపిల్లల్ని పోగుచేసి అదే పరీక్షకు తయారు చేసింది. 1937లో పుట్టిన ఆంధ్ర మహిళా సభకు మొదలు ఆ పాఠాలే. ఆమె బీఏ చదివింది, లాయరయింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలిగా ఉండగా, 1958లో, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను పరీక్షలకు తయారుచేసే సంక్షిప్త కోర్సులు దేశమంతా పెట్టించింది. బడి పట్టీలో పేరుంటేనే పరీక్ష అని ఆనాడు బెనారస్ కూడా అని ఉంటే ఈ చరిత్రలో ఎంత మిగిలేది?

ప్రైవేటుగా రాయనిస్తే కాపీలు పెరుగుతాయని, ట్యుటోరియల్ దుకాణాలు లేస్తాయని కొందరు పెద్దలు నాతో అన్నారు. పరీక్ష కేంద్రంలో ఇన్విజిలేటరు అందరికీ ఒక్కరే. ఇక దుకాణాల మాటకొస్తే, పేరు ఒక కాలేజీలో, చదువు ఇంకో కోచింగ్ సెంటర్లో సాగించే పిల్లలు పట్నాల్లో ఎంతమంది లేరు? డబ్బున్నవాళ్లు పట్టీలో పేరు కొనుక్కుంటున్నారు. కొనుక్కోలేని పిల్లకు మాత్రమే ఈ నిబంధన గట్టిగా అమలవుతోంది.

చట్టం సంగతీ చూడండి. చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో తేల్చిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. 2002లో రాజ్యాంగంలో 21ఎ చేరింది, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. కానీ ఆ హక్కు పద్నాలుగేళ్లకే ఆగిపోతుంది. పది రాసేది మామూలుగా ఆ వయసు దాటాకే. అక్కడి నుంచి పిల్ల బతుకు జీవోల మీద, ఏటేటా వచ్చే నోటిఫికేషన్ల మీద ఆధారపడుతుంది. జీవోను రాత్రికి రాత్రి మార్చొచ్చు. నాకు కావాల్సింది మన రాష్ట్ర విద్యా చట్టంలో ఒక సెక్షన్. పద్నాలుగేళ్లు నిండిన ఎవరైనా తమ దగ్గరి ప్రభుత్వ హైస్కూల్లో పేరు నమోదు చేసుకుని, బడి పిల్లలు రాసే పదే రాయవచ్చని, వారిని కాదనే అధికారం ఏ అధికారికీ లేదని అందులో ఉండాలి. ఇంటర్నల్స్ ఆ బడే పెట్టాలి. కన్నాయిగూడెం, వాజేడు లోపలి గూడేల నుంచి వచ్చేవాళ్లకు పరీక్షల రోజుల్లో ఆశ్రమ పాఠశాలలో బస, భోజనం ఇవ్వాలి.

మా ములుగుకు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. సంతోషమే. అందులో సీటు అడగాలన్నా ముందు పది, ఇంటర్ మెమోలు చేతిలో ఉండాలి. అడవిలో ఉద్యమం నుంచి బయటికొచ్చి, లా చదివి, గుత్తికోయల మీద పరిశోధన చేసి 2022లో ఉస్మానియాలో డాక్టరేటు తీసుకున్న సీతక్క మా ఎమ్మెల్యే, మహిళా శిశు సంక్షేమ మంత్రి. ఆగిన చదువును మళ్లీ అందుకోవడం ఎంత కష్టమో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. అక్కా, విద్యా చట్టానికి ఈ సవరణ మంత్రివర్గంలో మీరే అడగండి. వచ్చే పరీక్ష ఫీజు గడువులోగా అది జరిగితే, మా పిల్ల ఈసారే రాస్తుంది.