విల్లు విరిగినా పోరు ఆగదు
పాచికలేసి కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో 2000 నాటి మూడో కూర్పు, ఎదుటివాడి ఆయుధాన్ని విరగ్గొట్టడానికి విడిగా ఒక దాడి పెట్టింది. 2014 నాటి ఐదో కూర్పు ఆటగాళ్ల పుస్తకంలో అది లేదు. ఇది నష్టమే. పగలు హరికథ, రాత్రి నాటకంగా భారతం ఉత్సవాలు చేసుకునే చిత్తూరు సీమలో, వెంకటగిరికోట వైపు జనానికి అభిమన్యుడి కథ కొత్త కాదు: కర్ణుడు విల్లు తుంచాడు, ద్రోణుడు కత్తి విరిచాడు, ఆ కుర్రాడు రథచక్రం ఎత్తాడు, అదీ ముక్కలైతే గద పట్టాడు. ఆయుధం పోయిన ప్రతిసారీ పోరు ఇంకా బిగిసింది. కష్టపడి సంపాదించిన మంత్రఖడ్గం ఒక్క పాచికతో పోతే ఆటగాడి మనసు విరుగుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి జవాబు ఆ మూడో కూర్పుకు 2003లో వచ్చిన సవరణలోనే ఉంది: మహిమ ఒక్కో మెట్టు పెరిగేకొద్దీ ఆయుధానికి గట్టిదనం 2, ప్రాణబలం 10 కలుస్తాయి. మామూలు కత్తులు విరగనివ్వండి, మంత్రఖడ్గానికి ఆ రక్ష ఇవ్వండి. ఆట నడిపేవాళ్లు ఆయుధం విరగ్గొట్టే నియమాన్ని మళ్లీ తెచ్చుకోవాలి.