కన్ను గల గాలిపటము



ఈ పుటలో మేము నెలనెలయు ఊరగాయలను గూర్చియో, బిడ్డల జ్వరములను గూర్చియో, వ్రతముల యేర్పాటులను గూర్చియో వ్రాయుట మీరెఱుగుదురు. ఈ మాసమున విమానమును గూర్చి వ్రాయుచున్నాము. నవ్వకుడు. ఈ విమానము మా వంటయింటి త్రాసులో తూగినది. మా పాత చీరల పెట్టె ప్రక్కనే పెరిగినది. తుదకు మాకొక పొరుగింటి స్నేహమును పోగొట్టబోయినది. కావున నిది గృహిణుల పుటకు తగిన విషయమే.

మా నివాసము దిల్‌సుఖ్‌నగరమున నొక యిఱుకు వీథి. మా వారు బడిలో సామాన్యశాస్త్రము బోధింతురు. మా పెద్దవాడు తొమ్మిదవ తరగతి ముగించి, వేసవి సెలవులలో ఆకాశమునుండి మన యూరి ఫోటో తీయవలెనని పట్టుపట్టెను. అంగడిలో దొరకు డ్రోనును కొనుట మా జీతమునకు మించిన పని. "కొననేల? మనమే చేయుదము" అని మా వారు సెలవిచ్చిరి.

ఈ కోరిక క్రొత్తది కాదు. 1858వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున నాదార్ అను ఛాయాచిత్రకారుడు బెలూను నెక్కి క్రింది ఊరిని చిత్రించెను. జర్మనీలో జూలియస్ న్యూబ్రోనర్ అను ఔషధవిక్రేత పావురముల ఱొమ్మున చిన్న కెమెరాలను కట్టి విడుచు విధానమునకు 1908లో పేటెంటు పొందెను. మాకు పావురములు లేవు; థర్మోకోలు కలదు.

ఱెక్కల పొడవు 120 సెంటిమీటర్లు, వెడల్పు 20. థర్మోకోలు పలకను కాగిన తీగతో కోసి, గాలిపటములకు వాడు వెదురు బద్దను నడుమ నిమిడ్చి, పైన టేపు చుట్టితిమి. ఇచట నొక హెచ్చరిక. కొన్ని జిగురులు థర్మోకోలును వెన్నవలె కరగించును. మొదటి ఱెక్క మాకట్లే పోయినది. తెల్లని ఫెవికాల్ నిదానముగా ఆఱినను మేలు చేయును. మోటారు, దాని వేగమును నడుపు చిన్న పలక, సర్వోలు మొదలగునవి కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరకినవి.

ప్రతి వస్తువును మా త్రాసులో తూచితిమి. మేను, ఱెక్కలు 300 గ్రాములు, మోటారు, ముందఱి పంకా, వేగపు పలక 90, బ్యాటరీ 180, సర్వోలు రెండు, రేడియో రిసీవరు 35, కెమెరా 80, జిగురు, తీగలు, బద్దలు 65. వెరసి 750 గ్రాములు. ఇంత బరువునకు ఇంత ఱెక్క యున్నచో, గంటకు సుమారు 25 కిలోమీటర్ల కంటె వేగము తగ్గినప్పుడు గాలి పట్టు తప్పి విమానము కూలునని మా వారు లెక్కగట్టిరి.

చేతిలోని ట్రాన్స్‌మిటరు 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో తరంగములతో ఆజ్ఞ పంపగా, రిసీవరు దానిని గ్రహించి సర్వోలను త్రిప్పును. ఒక సర్వో తోకపైని నిలువు పలకను, ఇంకొకటి అడ్డ పలకను కదల్చును. మొదటిది ప్రక్కలకు మరల్చును. రెండవది ముక్కును ఎత్తును, దించును. మా కెమెరా చూచినది అప్పటికప్పుడు మనకు కనబడదు. కార్డులో నిలిచి, ఇంటికి వచ్చిన పిదపనే తెలియును. ఈ మాట జ్ఞప్తి యందుంచుకొనుడు.

ఇంట చేయువారు రెండింటికి వెఱవవలెను. పంకా వ్రేలిని కోయగలదు; ఇంటిలో మోటారును పరీక్షించునప్పుడు దానిని ఊడదీయుడు. లిథియం బ్యాటరీ దెబ్బతిన్నను, మితిమీఱి ఛార్జి చేసినను మండును. రాత్రి ఛార్జికి పెట్టి నిద్రింపరాదు. మేము మట్టికుండలో నుంచి, ఎదుట కూర్చుండి ఛార్జి చేయుదుము.

ఎగురవేయుట యెచట? దిల్‌సుఖ్‌నగరమున మెట్రో దారి, విద్యుత్తీగలు, జనసమ్మర్దము. అదియు గాక, 2013 ఫిబ్రవరి 21న ఆ వీథులలో రెండు బాంబులు ప్రేలిన దినమును మా ప్రాంతమువారు మఱువలేదు. తెలియని వస్తువేదేని తలపై తిరిగిన జనులు బెదరుట సహజము. 2021లో ప్రకటించిన డ్రోన్ నియమముల చొప్పున 250 గ్రాములు మొదలు రెండు కిలోల లోపు బరువు గలది 'మైక్రో' తరగతి. వ్యాపారమునకు గాక వినోదమునకు నడుపువారికి పైలటు సర్టిఫికేటు అక్కఱలేదు గాని, ఎగురవేయు చోటు ఆకుపచ్చ మండలమో, పసుపో, ఎఱుపో పటమున ముందు చూచుకొనవలెను. ఆకుపచ్చ మండలమున నైనను 400 అడుగులు దాటరాదు. ఠాణాలో విచారించుటయు మేలు.

మేము ఎల్.బి.నగరమునకు ఆవల హయాత్‌నగరము దిక్కున బంధువుల పొలము ప్రక్క మైదానమును ఎన్నుకొంటిమి. దారిలో హరిణ వనస్థలి యుండెను గాని, కృష్ణజింకల నెలవున నీ గోల తగదని విడిచితిమి.

మొదటి దినమున విమానము ముక్కు నెత్తి, గాలిలో ఒక్క నిమేషము నిలిచి, నేలగూలెను. బాలుని కన్నులు చెమర్చినవి. కెమెరాను ఱెక్కలకు వెనుక నంటించుటయే లోపము. ఱెక్క ముందంచునుండి అయిదాఱు సెంటిమీటర్ల దూరమున క్రిందనుండి రెండు వ్రేళ్లపై నిలిపినచో విమానము సమముగా తూగవలెను. మాది తోక బరువై వ్రాలెను. కెమెరాను, బ్యాటరీని ముందునకు జరిపి, మోటారు అదురు చిత్రమును చెఱుపకుండ కెమెరా క్రింద స్పాంజి ముక్క నుంచితిమి. మఱుసటి ఆదివారము పది నిమిషములు ఎగిరినది. ఆ రాత్రి మా యింట పాయసము.

ఇక అసలు సంగతి. ఒక సాయంకాలము మేము కూరలకు పోయిన వేళ, బాలుడు మా కాలనీ ఖాళీస్థలమునుండి, చెప్పక చేయక, విమానమును విడిచెను. రాత్రి కంప్యూటరులో చూచితిమి. నీళ్ల ట్యాంకులు, ఎండుచున్న వడియములు, గొంగళిపురుగువలె ప్రాకు మెట్రో. అందఱమును నవ్వుచుంటిమి. అంతలో ప్రక్కమేడ కనబడెను. ఆ యింటి కోడలు తలంటుకొని, కురులారబెట్టుచు, బిడ్డకు పాలిచ్చుచున్నది. ముఖము తెలియదు. అయినను ఆ మేడ యెవరిదో, ఆ చీర యెవరిదో మాకు తెలియును. నవ్వు ఆగిపోయెను.

తెల్లవాఱకముందే ఆ యింటి అత్తమ్మగారు గుమ్మమున నిలిచిరి. "మీ పిలగాని యిమానం మా మిద్దె మీద ఏం జూసి పోయింది బిడ్డా?" అని యడిగిరి. ఏమియు కనబడలేదని చెప్పుటకు మాకు మాట నాలుకపైకి వచ్చెను. చెప్పిన గొడవ తీఱెడిది. కాని బాలుడు మా వెనుకనే నిలిచి వినుచుండెను. వానికి విమానమును నేర్పి, ఆ యుదయమున అబద్ధమును నేర్పుటయా? కనబడినదని చెప్పితిమి.

వానిని, కార్డును తీసికొని వారి యింటికి పోయితిమి. కోడలికి మాత్రమే చూపితిమి. ఆమెయే తన చేతితో దానిని చెఱిపినది. చెఱిపిన పిదప మెల్లగా ననెను: "ఇంట్ల అందరుంటరు అక్కా. ఎవ్వరు సూడని జాగ నాకు గా మిద్దొక్కటే."

ఆ మాట మమ్ము నేటికిని విడువలేదు. ఏకాంతము మౌలికమైన హక్కని సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిరి. స్త్రీ యేకాంతమును చాటున చిత్రించుటను 2024 జూలై 1 నుండి అమలున నున్న భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను నేరముగ నెంచుచున్నది. మా బాలునికి దురుద్దేశము లేదు. కాని ఉద్దేశము కెమెరాకు తెలియదు. అది కనబడినదెల్ల పట్టును. చిన్న యిండ్లలో బ్రదుకు ఆడువారికి మేడ యొక్కటే ఆకాశము. దానిని మన వేడుకకై హరింపరాదు.

ఆ సాయంకాలము బాలునికి కిష్కింధాకాండమున సంపాతి కథ చెప్పితిమి. ఱెక్కలు కాలిన ఆ పక్షి సముద్రమున కావలి యొడ్డున నున్న సీతను చూచి వానరులకు తెలిపెను. దూరదృష్టి యందఱ మేలునకు వినియోగపడిన తీరది. నేడును అట్టి పనులు కలవు. 2021 సెప్టెంబరులో మన వికారాబాదున డ్రోన్లతో మందులు పంపు ప్రయత్నము ప్రారంభమైనది. పొలములకు మందు చల్లుటకు స్వయంసహాయక సంఘముల స్త్రీలకు డ్రోన్ల నిచ్చు పథకమును కేంద్రప్రభుత్వము 2023లో ఆమోదించినది. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగరు చెఱువు పొంగి క్రింది కాలనీలు మునిగినప్పుడు, నీరెటు పాఱుచున్నదో పైనుండి చూచు కన్ను ఎంత యక్కఱయో మేము ఎఱుగుదుము.

సెలవులలో మీ బిడ్డలును ఇట్టి పని కోరిన, వలదనకుడు. లెక్క, ఓర్పు, చేతిపని మూడును అలవడును. ఆడపిల్లలకును నేర్పుడు, మా చిన్నది తీగల నతుకుటలో అన్నను మించినది. కాని మూడు కట్టుబాటులు పెట్టుడు: ఇండ్లమీద కెమెరా తెఱువరాదు, పెద్దవారు లేక ఎగురవేయరాదు, ఎవరి చిత్రమైన పడిన, వారికి చెప్పి వారి యెదుట చెఱుపవలెను.

గత ఆదివారము ఆ కోడలు బిడ్డ నెత్తుకొని మాతో మైదానమునకు వచ్చినది. "ఇప్పుడు తియ్యి" అని తానే చేయి యూపినది.

వచ్చు మాసమున వానకాలపు అప్పడములను గూర్చి వ్రాయుదుము.