పుట్టినూరి జెర్సీ

రగ్బీ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేవి బురద, కొట్లాట, కోడిగుడ్డు ఆకారంలో ఒక బంతి. అంతే. అందులో మళ్లీ యూనియన్, లీగ్ అని రెండు వేర్వేరు ఆటలున్నాయని, లీగ్‌లో జట్టుకి 13 మందని, ఆరుసార్లు పట్టుబడేలోపు స్కోర్ చెయ్యకపోతే బంతి అవతలివాళ్ల చేతికిచ్చెయ్యాలని చెప్తే, "అబ్బో, కబడ్డీవాళ్లకి బంతి ఇచ్చినట్టుందే" అంటారు. పోలిక మరీ అంత తప్పేం కాదులెండి. ఆట సంగతి అలా ఉంచి, దాంట్లోని ఒక్క సెలెక్షన్ రూల్ గురించి చెప్తా.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య ఏటా మూడు మ్యాచ్‌ల సిరీస్ జరుగుతుంది. పేరు స్టేట్ ఆఫ్ ఆరిజిన్. క్వీన్స్‌లాండ్‌ది మెరూన్ జెర్సీ, న్యూ సౌత్ వేల్స్‌ది నీలం. చెరొకటి గెలిస్తే మూడోది డిసైడర్. అక్కడ బుధవారం రాత్రి ఎనిమిది దాటాక మొదలవుతుంది, మనకి మధ్యాహ్నం మూడున్నర దాటాక. అంటే సరిగ్గా ల్యాబ్ టైమ్. రికార్డు రాస్తూ స్కోర్ చూసుకునే బతుకు నాది.

ఈ రెండు రాష్ట్రాలూ 1908 నుంచే ఆడుకుంటున్నాయి. కానీ అప్పట్లో ఆటగాడు ఏ క్లబ్‌కి ఆడుతుంటే ఆ రాష్ట్రం తరఫునే ఆడాలి. సిడ్నీ క్లబ్బులకి జూద యంత్రాల డబ్బు దండిగా వచ్చేది. క్వీన్స్‌లాండ్‌లో కాస్త బాగా ఆడే కుర్రాడు కనిపిస్తే చాలు, జీతమిచ్చి తీసుకుపోయేవాళ్లు. మరుసటి ఏడాది ఆ కుర్రాడే నీలం జెర్సీ వేసుకొచ్చి సొంతూరివాళ్లని చిత్తు చేసేవాడు. మన వేలితో మన కన్నే పొడిచినట్టు. ఫలితం ముందే తెలిసిపోతుంటే జనం ఎందుకొస్తారు? 1970ల చివరికి స్టాండ్‌లు వెలవెలబోయాయి.

1980లో మొదటి రెండు మ్యాచ్‌లూ ఎప్పట్లాగే న్యూ సౌత్ వేల్స్ గెలిచేసింది. మూడోది ఎలాగూ పనికిరాని మ్యాచే కదా అని ప్రయోగం చేశారు: ఎక్కడ సంపాదిస్తున్నావో వద్దు, ఎక్కడ ఆట మొదలుపెట్టావో ఆ రాష్ట్రానికి ఆడు. జూలై 8న బ్రిస్బేన్ ల్యాంగ్ పార్క్‌లో మెరూన్ జట్టుకి కెప్టెన్‌గా వచ్చినవాడు ఆర్థర్ బీట్సన్. వయసు 35. అన్నేళ్లూ సిడ్నీలో ఆడి, నీలం జెర్సీ కూడా వేసుకున్నవాడు. ఆ రాత్రి ఆయన తన సొంత క్లబ్ సహచరుడు మిక్ క్రోనిన్‌ని కూడా వదల్లేదన్న కథ అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. స్కోర్ 20–10, క్వీన్స్‌లాండ్ గెలిచింది. 1982 నుంచి మూడు మ్యాచ్‌లూ ఈ పద్ధతిలోనే.

నాకు ఇక్కడే ఆశ్చర్యం. అవే రాష్ట్రాలు, అవే రంగులు, అదే మనుషులు. రూల్ ఒక్కటే మారింది. "మా మట్టి, మా రక్తం" అని వాళ్లు ఇవాళ ఎంత ఊగిపోయినా, ఆ మట్టి 1979లోనూ ఉంది, చూడ్డానికే జనం లేరు. అభిమానం గాల్లోంచి పుట్టదు, పోటీ న్యాయంగా ఉందన్న నమ్మకం దానికి కావాలి. తెలుగు టైటాన్స్‌లో తెలుగువాళ్లెంతమంది అని ప్రతి సీజన్‌లో మనవాళ్లు అడిగేది అందుకే. వేలంలో కొన్న జట్టుని ఇష్టపడొచ్చు, నేనూ ఇష్టపడతా. కానీ ఓడినప్పుడు అన్నం మానేసేంత సీన్ లేదు.

అలాగని "ఆరిజిన్" అనేది సూటిగా తేలే లెక్క కాదు. గ్రెగ్ ఇంగ్లిస్ పుట్టింది, పెరిగింది న్యూ సౌత్ వేల్స్‌లో. ఆడింది మాత్రం క్వీన్స్‌లాండ్‌కి. 2006 నుంచి 2013 దాకా వరుసగా ఎనిమిది సిరీస్‌లు గెలిచిన ఆ జట్టులో ఆయనొక స్టార్. నీలం అభిమానులు ఆ మాట ఇప్పటికీ ఎత్తుతారు. తర్వాత రూల్ బిగించారు: ఆ రాష్ట్రంలో పుట్టాలి, లేదా పదమూడేళ్లు నిండేలోపు అక్కడ నివసించి ఉండాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని, నేను లోకలా నాన్ లోకలా అని కౌన్సెలింగ్ క్యూలో నిలబడ్డవాళ్లకి ఇది వేరే వివరించక్కర్లేదు. మనిషి ఎక్కడివాడో చెప్పడానికి చివరికి ఎక్కడైనా ఒక కాగితమే దిక్కు.

ఇక నాకు మింగుడుపడని సంగతి. 2022 డిసైడర్ బ్రిస్బేన్‌లో జరిగింది. మొదటి కొన్ని నిమిషాల్లోనే ముగ్గురు, సెల్విన్ కాబో, లిండ్సే కాలిన్స్, క్యామెరన్ మర్రే, తలకి దెబ్బలు తగిలి బయటికెళ్లిపోయారు. చివర్లో బెన్ హంట్ బంతి అందుకుని మైదానమంతా ఒంటరిగా పరిగెత్తి స్కోర్ చేశాడు, 22–12తో క్వీన్స్‌లాండ్ గెలిచింది. ఆ పరుగు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ ఆ మ్యాచ్‌ని "ఆరిజిన్ అంటే ఇదిరా" అని మెచ్చుకునేటప్పుడు ఆ మూడు తలల్ని కూడా ఆ గొప్పలో కలిపేస్తున్నారు. అది నేను ఒప్పుకోను. దెబ్బ తగిలినవాడు తిరిగి ఆడాలో లేదో డాక్టర్ చెప్పే పద్ధతి ఉంది కాబట్టి సరిపోయింది. ఆటగాడి ఇష్టానికే వదిలేస్తే ఎవడు కూర్చుంటాడు? క్లబ్ మ్యాచ్ అయితే కాంట్రాక్ట్ చూపించి తప్పుకోవచ్చు. సొంతూరి జెర్సీ వేసుకున్నాక "నావల్ల కాదు" అనడం కష్టం.

2025 డిసైడర్ సిడ్నీలో. మ్యాచ్‌కి కొద్దిరోజుల ముందే క్వీన్స్‌లాండ్ కెప్టెన్ క్యామెరన్ మన్‌స్టర్ తండ్రి చనిపోయారు. అయినా వచ్చి జట్టుని నడిపించాడు, 24–12తో సిరీస్ గెలిపించాడు. ఏడ్చినంత పనైంది నాకు, అబద్ధం ఎందుకు. అది అతని నిర్ణయం, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా పేచీ చూసేవాళ్లతో. అతను రాకుండా ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని ఉంటే, ఆ పనిని కూడా ఇంతే గౌరవంగా చెప్పుకునేవాళ్లమా? చెప్పుకునే అలవాటుంటేనే, వచ్చినవాడు నిజంగా తన ఇష్టంతో వచ్చాడని అనగలం.

ఇంత సణిగినా, ఇలాంటిది మనకీ ఒకటి కావాలనే నా కోరిక. ఆంధ్ర, తెలంగాణ, కబడ్డీ, మూడు మ్యాచ్‌లు. ఎవరు ఎక్కడ కూత నేర్చుకున్నారో అటువైపే ఆడాలి. పక్కనే డాక్టర్ ఉండాలి, ఆయన మాటే ఆఖరు. హాస్టల్లో ఈ మాట అన్నానో లేదో, "కొట్టుకు చస్తార్రా" అన్నారు సగం మంది. మిగతా సగం అప్పుడే టీమ్ సెలెక్షన్ మొదలుపెట్టారు. మొదటి మ్యాచ్ విజయవాడలో, రెండోది హైదరాబాద్‌లో అని రెండు నిమిషాల్లో తేల్చేశాం. డిసైడర్ దగ్గరే గొడవ. కర్నూలని ఒకడు, నల్గొండని ఇంకొకడు. చివరికి మా రూమ్మేట్ అన్నాడు: "బెంగళూరులో పెట్టండ్రా, ఎలాగూ అందరం అక్కడే ఉంటాం కదా."