మూడో కంటికి పిడుగు దెబ్బ

చెన్నైలో సీసీ కెమెరా లేని వీధి ఏదంటే ఇప్పుడు వెతుక్కోవాల్సిందే. షావుకారుపేట గోడౌన్ల మీద, టి.నగర్ నగల దుకాణాల ముందు, పెరంబూరు అపార్టుమెంట్ల గేట్ల దగ్గర, గుళ్లలో హుండీల పైన... ఎక్కడ తలెత్తినా ఒక గాజు కన్ను మనవైపే చూస్తుంటుంది. 2021లో కంపారిటెక్ అనే సంస్థ ప్రపంచ నగరాల్లో కెమెరాల లెక్క తీస్తే, ఢిల్లీ, లండన్ తర్వాత మూడో స్థానం చెన్నైకే దక్కింది. చదరపు మైలుకు 609 కెమెరాలని తేల్చారు. బాగానే ఉంది. మరి ఉరుములు, మెరుపులతో ఒక రాత్రి వాన దంచికొడితే, తెల్లారేసరికి వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయన్న లెక్క ఎవరు తీస్తున్నారు?

ఈ కెమెరాలు సరదాకు వచ్చినవి కావు. 2012 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెరుంగుడి, కీళ్‌కట్టళైల్లో పట్టపగలే బ్యాంకు దోపిడీలు జరిగాయి. బ్యాంకుల్లో కెమెరాల సంగతి అప్పుడే చర్చకొచ్చింది. పబ్లిక్ భవనాల్లో సీసీ కెమెరాలు పెట్టాలని తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడాదే నిబంధనలు తెచ్చింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా ప్రజా భద్రత చట్టం చేసింది. 2016 జూన్ 24న నుంగంబాక్కం రైల్వే స్టేషన్‌లో ఉదయాన్నే ఒక యువ ఉద్యోగిని హత్యకు గురైతే, స్టేషన్‌లో ఒక్క కెమెరా కూడా లేదు. చుట్టుపక్కల వీధుల్లోని ప్రైవేటు కెమెరాలే పోలీసులకు దిక్కయ్యాయి. ఆ తర్వాతే నగర పోలీసుల 'మూడో కన్ను' కార్యక్రమం ఊపందుకుంది. వర్తకులు, కాలనీ సంఘాలు తలా కొంత వేసుకుని వీధివీధికీ కెమెరాలు పెట్టించుకున్నారు.

అంటే ఒక్కో కెమెరా వెనుక ఒక నష్టం, ఒక భయం ఉన్నాయి. అంత కష్టపడి తెచ్చుకున్న కన్ను ఒక్క మెరుపుకే మూసుకుపోతే, దాన్ని కెమెరా అనాలా, దిష్టిబొమ్మ అనాలా?

పిడుగు మన ఇంటి మీదే పడక్కర్లేదు

సముద్రానికి పోటు వచ్చినట్టే కరెంటుకూ పోటు వస్తుంది. దాన్నే ఇంజినీర్లు సర్జ్ అంటారు. పిడుగు నాలుగు వీధుల అవతల కొబ్బరిచెట్టు మీద పడినా చాలు. గేటు నుంచి మూడో అంతస్తు దాకా లాగిన కెమెరా వైరు ఏరియల్ లాగా ఆ పోటును పట్టుకుంటుంది. సెకనులో లక్షో వంతు కూడా ఉండని ఆ కాస్త సమయంలోనే వేల వోల్టులు వైరెంట లోపలికి వస్తాయి. కెమెరాకు కావాల్సింది 12 వోల్టులో, లేదా నెట్‌వర్క్ వైరు మీద వచ్చే 48 వోల్టులో. ఇక అది తట్టుకునేదెక్కడ?

మెరుపులంటే మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు నమోదయ్యాయని విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. చెన్నైలో ఎండాకాలం చివర నుంచే సాయంత్రం ఉరుముల వానలు మొదలవుతాయి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలొస్తే ఇక చెప్పనక్కర్లేదు. పులికాట్ సరస్సు పక్కనే శ్రీహరికోటలో రాకెట్ వేదిక చుట్టూ ఎత్తైన పిడుగు రక్షణ స్తంభాలు నిలబెట్టారంటే ఊరికే కాదు. కోట్ల రూపాయల రాకెట్‌కు ఉన్న జాగ్రత్తలో వందో వంతైనా మన వీధి కెమెరాకు వద్దా?

కరెంటు పోవడం కాదు, రావడమే ముప్పు

రెండో ముప్పు మన మీటరు బోర్డు నుంచే వస్తుంది. మన ఇళ్లకు ఇచ్చే కరెంటు 230 వోల్టులు. గాలివానకు కొమ్మ విరిగి లైను మీద పడినా, పిల్లర్ బాక్సులో నీళ్లు చేరి న్యూట్రల్ తెగినా, కొన్ని ఇళ్లకు 300, 350 వోల్టుల దాకా వచ్చేస్తుంది. బల్బులు ధగధగా వెలిగి మాడిపోవడం, ఫ్రిజ్జులు పొగలు కక్కడం చాలామందికి అనుభవమే. 2016 డిసెంబరులో వర్దా తుపాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ నగరాన్ని చీకట్లో ముంచాయి. అలాంటప్పుడు కరెంటు తిరిగి వచ్చే మొదటి నిమిషాలే గండం.

దొంగకు కావాల్సింది సరిగ్గా అలాంటి రాత్రే. వీధి దీపాలుండవు, జనం తలుపులు బిగించుకుని ఉంటారు, కెమెరా చచ్చి ఉంటుంది. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉండే తెలుగు ఇళ్లు చెన్నైలో తక్కువేమీ కాదు. అక్కడి నుంచి సెల్‌ఫోనులో అమ్మానాన్నల గుమ్మం చూసుకునే కొడుక్కి, నల్లటి తెర కనిపిస్తే ఆ రాత్రి నిద్ర పడుతుందా?

ప్రభుత్వ కాపలాకూ ఇబ్బంది తప్పలేదు. 2024 ఏప్రిల్ 27న నీలగిరి లోక్‌సభ స్థానం ఓటింగ్ యంత్రాలు దాచిన ఊటీ స్ట్రాంగ్ రూము దృశ్యాలు దాదాపు 20 నిమిషాలు తెర మీద ఆగిపోయాయి. సాంకేతిక లోపమని అధికారులు వివరణ ఇచ్చారు. అది పిడుగు పని కాకపోవచ్చు. కానీ ఆ 20 నిమిషాలకే రాష్ట్రమంతా అనుమానాలు చెలరేగాయి. కెమెరా ఆగిందంటే నమ్మకం కూడా ఆగినట్టే.

స్టెబిలైజరు ఉందిగా?

ఎవరిని అడిగినా ఇదే జవాబు. 'మాకు స్టెబిలైజరు ఉంది', 'ఇన్వర్టరు ఉంది', 'ఎంసీబీ పడిపోతుంది లెండి' అంటారు. స్టెబిలైజరు నెమ్మదిగా పెరిగే, తగ్గే వోల్టేజిని సర్దుతుంది గానీ, మెరుపు వేగాన్ని అందుకోలేదు. ఎంసీబీ ఎంత త్వరగా పడినా సెకనులో వెయ్యో వంతుల లెక్క. ఈలోగా పిడుగు పోటు వచ్చి వెళ్లిపోతుంది. మామూలు ఇన్వర్టరు కరెంటు లేనప్పుడే పనికొస్తుంది, ఉన్నప్పుడు లైనులో వచ్చినదాన్ని వచ్చినట్టే లోపలికి పంపుతుంది.

దీనికి పనికొచ్చేది సర్జ్ ప్రొటెక్టరు. మామూలు వోల్టేజి దగ్గర కదలకుండా కూర్చుంటుంది, హద్దు దాటగానే దారి తెరిచి పోటును ఎర్తులోకి మళ్లిస్తుంది. అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. ఎర్తు సరిగా లేకపోతే ఆ పోటు ఎక్కడికి పోవాలి? చాలా పాత ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. రాయపురం, ఎన్నూరు లాంటి చోట్ల ఉప్పుగాలికి ఎర్తు క్లాంపులు తుప్పుపట్టి రాలిపోతుంటాయి. ఎండాకాలంలో ఎర్తు గుంతలో నీళ్లు పోసే దిక్కుండదు. ఎర్తు లేని ప్రొటెక్టరు, కాలువ లేని తూము లాంటిది.

ఇంకో పొరపాటు ఏమిటంటే, రికార్డరుకు ఒక స్పైక్ బస్టరు తగిలించి పని అయిపోయిందనుకోవడం. పోటు రావడానికి దారులు మూడు: కరెంటు వైరు, కెమెరా వైరు, ఇంటర్నెట్ వైరు. ఒక తలుపుకు తాళం వేసి రెండు తలుపులు బార్లా తెరిస్తే ఏం లాభం?

చేయాల్సిన పని ఇదీ

మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు పెట్టించాలి. దాన్ని కలిపే తీగలు అర మీటరు దాటకుండా, వంకర్లు లేకుండా ఉండాలి. న్యూట్రల్ తెగినప్పుడు వచ్చే పోటు నిమిషాల తరబడి ఉంటుంది, దానికి ప్రొటెక్టరు చాలదు, పైగా అదే కాలిపోతుంది. అందుకే వోల్టేజి హద్దు దాటితే కరెంటు ఆపేసే కటాఫ్ పరికరం వేరుగా ఉండాలి. బయట గోడ మీద, స్తంభాల మీద ఉన్న కెమెరాల వైరుకు రెండు కొసల్లోనూ చిన్న ప్రొటెక్టర్లు కావాలి. అన్నిటి ఎర్తూ ఒక్కచోటే కలవాలి. ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు వైరు లాగాల్సి వస్తే రాగి తీగ బదులు ఫైబర్ కేబుల్ వేయించుకుంటే మంచిది. గాజు పోగులో పిడుగు ప్రయాణం చేయదు.

ప్రొటెక్టరు మీద చిన్న కిటికీ ఉంటుంది. చాలా రకాల్లో అది పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే ప్రాణం పోయినట్టు. ఏటా సెప్టెంబరులో, వానలకు ముందే దాన్నీ, ఎర్తునూ ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. రికార్డరు పోతే అందులోని హార్డ్ డిస్కుతో పాటు పాత దృశ్యాలూ పోవచ్చు. ముఖ్యమైన కెమెరాల రికార్డింగ్ ఇంకోచోట కూడా దాచుకోవాలి.

ఇదంతా ఖర్చే కదా అంటారు. ఒక మామూలు ఇంటికి మెయిన్ బోర్డు ప్రొటెక్టరు ఒకటి రెండు కెమెరాల ధరకు మించదు. కెమెరా కొనేటప్పుడు ఎన్ని మెగాపిక్సెళ్లని పదిసార్లు అడుగుతాం. ఎర్తు ఉందా అని ఒక్కసారైనా అడగం. రిచ్చి స్ట్రీట్‌లో వంద రూపాయల దగ్గర బేరమాడి అసలు సరుకునే వదిలేసి వస్తాం. ఆనక గ్యారంటీ కార్డు తిరగేస్తే, పిడుగుకూ వోల్టేజి తేడాలకూ కంపెనీ బాధ్యత లేదని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది.

లెక్క మారాలి

2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు దేశంలోని అన్ని పోలీసు స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని చెప్పింది. కరెంటు లేని చోట సౌర, పవన విద్యుత్తు వాడైనా సరే నడపాలంది. కెమెరా ఉండటం కాదు, పనిచేయడం ముఖ్యమన్నదే దాని సారం. అదే నీతి వీధులకూ వర్తించాలి. కార్పొరేషనైనా, పోలీసులైనా ఇకపై పిలిచే ప్రతి టెండరులో ఎర్తు, సర్జ్ ప్రొటెక్టరు, ఏటా తనిఖీ రాసి తీరాలి. చందాలతో పెట్టిన వీధి కెమెరాలు ఎవరి బాధ్యతో తేల్చాలి. ఎన్ని పెట్టామని కాక, ఈ నెల ఎన్ని పనిచేస్తున్నాయో వార్డులవారీగా ప్రకటించాలి. విద్యుత్ సంస్థ కూడా వానలకు ముందే పిల్లర్ బాక్సులు, న్యూట్రల్ జాయింట్లు సరిచూడాలి.

తడ, సూళ్లూరుపేట, నగరి, పుత్తూరుల్లో ఉన్నవారికీ ఇదే మాట. మేఘానికి సరిహద్దు లేదు. వచ్చే వానాకాలానికి ముందు మీ అపార్టుమెంటు సంఘం సమావేశంలో ఈ ఒక్క ప్రశ్న వేయండి: 'మన కెమెరాలకు ఎర్తు ఉందా?' జవాబు రాకపోతే, ముందు ఆ పని చూసి, కొత్త కెమెరా సంగతి తర్వాత మాట్లాడుకోండి.