ఈసారి కొటేషన్‌లో రేటు ఒక్కటే చూడకండి

అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్ష కార్యదర్శులకు, కోశాధికారులకు, జనరల్ బాడీకి రాకుండా వాట్సాప్ గ్రూపులో మాత్రం గట్టిగా మాట్లాడే తతిమ్మా అందరికీ ఈ ఉత్తరం.

సెక్యూరిటీ కాంట్రాక్టు రెన్యువల్‌కి వచ్చినప్పుడు, ఏ ఏజెన్సీ ఎంతకి వస్తోందని చూసే ముందు ఒక్క మాట అడగమని మనవి. ‘మీరు పంపే గార్డులు ట్రైనింగ్ అయినవాళ్లేనా? సర్టిఫికెట్లు చూపించండి.’

ఇదేమీ మనం కొత్తగా పెడుతున్న పేచీ కాదు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణకు 2005లో పార్లమెంటు చేసిన చట్టమే ఈ మాట చెబుతోంది. శిక్షణ పూర్తి చేయని మనిషిని ఏజెన్సీ గార్డుగా పెట్టుకోకూడదు. ఆ శిక్షణ ఎంతన్నది కేంద్రం నమూనా నియమాల్లో ఉంది: తరగతి గదిలో 100 గంటలు, బయట 60 గంటలు, మొత్తం కనీసం 20 పనిదినాలు. సైన్యంలోనో పోలీసులోనో చేసి వచ్చినవాళ్లకైతే 40 గంటలు, 16 గంటలు, ఏడు రోజులు చాలు. మంటలార్పడం, ప్రథమ చికిత్స, గుంపును అదుపు చేయడం, గుర్తింపు కార్డులు పరిశీలించడం, పోలీసులకు ఫిర్యాదు ఎలా ఇవ్వాలి, ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు అన్నవన్నీ ఆ పాఠాల్లో ఉన్నాయి.

జరిగేది మాత్రం వేరు. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో పొద్దున రైలు దిగినవాడికి భుజాలు జారిపోయే యూనిఫాం చొక్కా ఇచ్చి సాయంత్రానికి గేటు దగ్గర కూర్చోబెడతారు. పన్నెండు గంటల డ్యూటీ. రిలీవర్ రాకపోతే డబుల్. అతనికి దొరికే ట్రైనింగ్ అంతా పాత గార్డు చెప్పే రెండు ముక్కలే: ఫలానా ఫ్లాటు సారు కారు రాగానే లేచి నిలబడు, మోటారు ఇన్ని గంటలకు ఆపు. సెల్యూట్ కొట్టలేదని కమిటీకి ఫిర్యాదు చేసేవాళ్లు ప్రతి బిల్డింగులోనూ ఉన్నారు. ఫైర్ సిలిండర్ వాడటం వచ్చా అని అడిగినవాళ్లు ఎంతమంది?

ఏజెన్సీని తిట్టడం తేలిక. కానీ ఆ 20 రోజుల కూలి ఎవరివ్వాలి? అప్పు చేసి ఊరు దాటినవాడు జీతం లేకుండా తరగతిలో కూర్చోలేడు. ఏజెన్సీ భరిస్తే, మూడో నెలలో ఐదొందలు ఎక్కువిచ్చే చోటికి అతను వెళ్లిపోతాడని దాని భయం. మనమేమో అందరికంటే తక్కువ కొటేషన్‌కే చెయ్యెత్తుతాం. తప్పులో సగం వాటా మనదే.

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచినప్పుడు ఆరుగురు చిన్నవయసు వాళ్లు పొగకు ఊపిరాడక పోయారు. అక్కడి గార్డుల తప్పని నేననడం లేదు. పొగ కమ్మే ఆ తొలి నిమిషాల్లో మన బిల్డింగులో ఏం జరుగుతుందో ఆలోచించమంటున్నాను. రాత్రి రెండింటికి మెలకువగా ఉండేది గేటు దగ్గర మనిషే. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, టెర్రస్ తాళం ఎవరి దగ్గరుందో తెలిసిందీ అతనికే. మెట్ల మీద నుంచి దింపాలా, లిఫ్టు ఆపాలా, ముందు 101కి ఫోన్ చేయాలా అన్నది ఎవరూ చెప్పకపోతే ఆ క్షణాన అతనికి తోచదు. కరెంటు మంట మీద బకెట్టు నీళ్లు గుమ్మరించినా గుమ్మరిస్తాడు.

లిఫ్టు సంగతీ అంతే. రెండు అంతస్తుల మధ్య ఆగితే తలుపులు తెరిచి లోపలివాళ్లను చెయ్యి పట్టి లాగడం చాలాచోట్ల చూస్తాం. కాలు జారితే కింద గొయ్యి. కరెంటు ఆపి, లోపలివాళ్లకు ధైర్యం చెబుతూ టెక్నీషియన్ వచ్చేదాకా ఆగడం నేర్చుకోవాల్సిన పనే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ రాజేంద్రనగర్ దగ్గర ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద కుప్పకూలిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఛాతీ రెండంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఒక పూటలో నేర్పొచ్చు. మన కాలనీల్లో పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే ఒంటరిగా ఉండే పెద్దవాళ్లెందరు! 108 వచ్చేలోగా వాళ్ల తలుపు తట్టగలిగేది గార్డే.

ఇక ఖర్చు. వంద ఫ్లాట్లు, ఎనిమిది మంది గార్డులు, నెలకు 15 వేల జీతం అనుకుందాం. 20 రోజుల కూలి మనిషికి పదివేలు, మొత్తం 80 వేలు. ఫ్లాటుకు 800, ఏడాదిలో నెలలవారీగా పంచుకుంటే 67 రూపాయలు. మొత్తం మనమే పెట్టుకోనక్కర్లేదు, ఏజెన్సీతో సగం సగం మాట్లాడుకోవచ్చు. డబ్బు మాత్రం సర్టిఫికెట్టు, గార్డు చేతికి కూలి అందినట్టు రుజువు చూశాకే ఇవ్వండి. ఆ రోజుల్లో రిలీవర్ ఉండాలని కాంట్రాక్టులో రాయించండి. నైట్ డ్యూటీ దిగినవాడిని తరగతిలో కూర్చోబెడితే నిద్రపోక ఏం చేస్తాడు?

ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు మళ్లీ అ ఆలు దిద్దక్కర్లేదు. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఏజెన్సీని దాని గురించి అడగండి. ఆ కాగితం గార్డు వెంటే ఉండాలి, ఏజెన్సీ బీరువాలో కాదు. పదిహేను మంది గార్డులకు మించకుండా ఒక సూపర్‌వైజర్ ఉండాలని నియమం. గార్డు ఆ మెట్టు ఎక్కాలన్నా ఆ కాగితం పనికొస్తుంది.

చిన్న అపార్ట్‌మెంట్లలో ఏజెన్సీలుండవు, సెల్లార్ గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబమే ఉంటుంది. నేరుగా మనం పెట్టుకున్నవాళ్లు ఆ చట్టం కిందికి రారు. అయినా మంట, గ్యాసు, లిఫ్టు, ఛాతీ నొక్కడం వాళ్లకూ నేర్పించండి. అతనితో పాటు అతని భార్యకు కూడా. పగలు అతను బజారుకు పోతే బిల్డింగు చూసుకునేది ఆమే. నాలుగైదు అపార్ట్‌మెంట్లు కలిసి నేర్పేవాళ్లను ఒక ఆదివారం పిలిస్తే సరిపోతుంది. గ్యాసు లీకుకు ఫోన్ చేయాల్సిన 1906 నంబరు గోడ మీద తెలుగులోనూ హిందీలోనూ రాయించండి.

రెన్యువల్ ఆఖరి వారంలో అడిగితే ఏజెన్సీ ‘అలాగే సార్’ అని తలూపి వెళ్లిపోతుంది. రెండు నెలల ముందే అడగండి, వచ్చే జనరల్ బాడీ అజెండాలో దీన్ని చేర్చండి. పెయింటింగు రంగుల చర్చ మొదలుకాకముందే తేల్చేయండి, ఆ చర్చ మొదలైతే ఇంకేదీ తెమలదు.