సిబిల్ సాఫ్ చేస్తామనే దుకాణాలు

పాలమూరు, రంగారెడ్డి పల్లెల్లో పని దొరక్క పట్నం చేరిన వ్యవసాయ కూలీలు పాతబస్తీలో చాలామంది ఉన్నారు. ఉప్పుగూడ, ఛత్రినాక, చాంద్రాయణగుట్ట దిక్కు కిరాయి గదుల్లో ఉంటారు. నాట్లప్పుడు ఊరికి పోతారు, మళ్లీ వచ్చి సెంట్రింగ్ పనో, హమాలీ పనో చూసుకుంటారు. అందుకని వాళ్ల గోడు ఈ శీర్షికలో రాస్తున్నాను. వాళ్ల చుట్టూ ఇప్పుడు కొత్త దళారి తిరుగుతున్నాడు. అప్పు ఇచ్చేవాడు కాడు, వసూలు చేసేవాడూ కాడు. 'మీ సిబిల్ బాగు చేస్తాం' అనేవాడు.

ఆమనగల్లు దిక్కు కూలి ఒకతను నా దగ్గరకొచ్చాడు. ట్రాలీ ఆటో కొందామని బ్యాంకుకు పోతే 'నీకు సిబిల్ లేదు, పో' అన్నారట. ఎందుకు లేదో ఒక్క ముక్క చెప్పలేదు. బయటికొస్తే గోడమీద కాగితం: ఏడు రోజుల్లో స్కోరు 750. అందులోని నంబరుకు ఫోన్ చేశాడు. షాలిబండ దగ్గర ఒక మేడమీది గదిలో కూర్చున్న పిల్లగాడు ఆధార్, పాన్ జిరాక్సులు, నాలుగున్నర వేలు తీసుకున్నాడు. ఫోన్‌కు వచ్చిన ఓటీపీలు కూడా చెప్పించుకున్నాడు. రెండు నెలలు దాటింది. అడిగినప్పుడల్లా 'ప్రాసెస్‌ల ఉంది' అంటాడట.

"ఓటీపీ ఎందుకు చెప్పినవ్ తమ్మీ?" అని అడిగాను.

"చెప్పకుంటే పని కాదన్నడన్నా. బ్యాంకోళ్లు కూసోనియ్యలే. గాయన కుర్సీ ఏసి చాయ్ తాపిండు."

ఈ మాటకు నేనేం జవాబు చెప్పను? మోసగాడు చూపిన మర్యాద బ్యాంకు చూపలేదు. మనవాళ్లు అత్యాశకు పోయి మోసపోతారని రాసే పెద్దమనుషులు ఈ సంగతి మరిచిపోతారు.

సిబిల్ అని మనం అనేది నిజానికి ఒక కంపెనీ పేరు. 2005 చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో ఇలాంటివి నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. మనం తీసుకున్న అప్పు, కట్టిన కిస్తీ, తప్పిన కిస్తీ అన్నిటినీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వీటికి పంపుతాయి. దాన్నిబట్టి 300 నుంచి 900 మధ్య మార్కు వేస్తారు. ఊళ్లో షావుకారు ఖాతా పుస్తకం లాంటిదే. కాకపోతే ఈ పుస్తకాన్ని దేశంలో ఉన్న షావుకార్లందరూ చూస్తారు.

ఆ పుస్తకంలో రాసింది నిజమైతే ఏ దుకాణంవాడూ దాన్ని చెరపలేడు. తప్పైతే దిద్దించుకోవడానికి మనకు పైసా ఖర్చు కాదు. మరి నాలుగున్నర వేలు దేనికి? వాడు మన పేరున 'ఈ పద్దు తప్పు' అని ఒక ఫిర్యాదు పెడతాడు. అది తేలేదాకా ఆ పద్దు వివాదంలో ఉన్నట్టు రాస్తారు. ఆ కాగితం చూపి మిగతా ఫీజు గుంజుతాడు. బ్యాంకు 'మా లెక్క సరైనదే' అనగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. కొందరు సగం కట్టి సెటిల్ చేసుకొమ్మంటారు. అట్లా చేస్తే పుస్తకంలో 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని పడదు. తర్వాత అప్పు ఇచ్చేవాడు ఆ మాట చూసి వెనక్కి తగ్గుతాడు.

ఇంకొందరు ఏకంగా రుణవిముక్తి సర్టిఫికెట్లే అమ్ముతున్నారు. కిస్తీలు కట్టొద్దు, మాకు ఫీజు కడితే బాకీ పోతుందంటారు. ఇవి చెల్లవని, నమ్మొద్దని 2023 డిసెంబర్ 11న రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది. బాకీ రద్దు కావాలంటే చట్టమో సర్కారు నిర్ణయమో ఉండాలి. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రుణవిమోచన చట్టం చిన్న రైతులు, భూమిలేని కూలీలు ప్రైవేటు వడ్డీవ్యాపారులకు పడ్డ బాకీల మీద వచ్చింది. బ్యాంకు బాకీలు అందులో లేవు. 2024లో తెలంగాణలో 2 లక్షల దాకా మాఫీ అయినవి పంట రుణాలు. భూమి లేని కూలికి పంట రుణం ఎక్కడిది? సర్టిఫికెట్లు అమ్మేవాడికి ఈ ఖాళీ బాగా తెలుసు.

నేను చదివింది ఏడో తరగతే. డిగ్రీ చదివే ఒక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అతని రిపోర్టు తీయించాం. నాలుగు కంపెనీలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. దీనికీ ఓటీపీ వస్తుంది గానీ, కంపెనీ సొంత సైటులో మన చేత్తో మనమే కొట్టుకోవాలి. రిపోర్టులో రెండు పద్దులు తేలాయి. పాత మోటర్‌సైకిల్ అప్పు పూర్తిగా కట్టినా 6 వేలు బాకీ అని ఉంది. కట్టిన కాగితం ఊళ్లో ట్రంకుపెట్టెలో దొరికింది. రెండోది, అతను ఎన్నడూ తీసుకోని 9 వేల ఆప్ అప్పు. దాని తేదీ చూస్తే ఆ మేడమెట్లు ఎక్కిన వారానిదే.

రెండో దానికి 1930కి ఫోన్ చేసి రాయించి, పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాం. పైసలు పోయిన గంటలోనే ఆ నంబరుకు చేస్తే కొంత ఆశ ఉంటుంది. ఇతను సిగ్గుపడి భార్యకు కూడా చెప్పలేదు. రెండు పద్దుల మీదా ఆ కంపెనీకి, అప్పిచ్చిన సంస్థలకు రాశాం. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మనకు కట్టాలని రిజర్వు బ్యాంకు నియమం, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, అక్కడా ఫీజు లేదు. 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

బ్యాంకు సంగతి మిగిలింది. మొదటిసారి అప్పు అడిగేవాడిని పాత లెక్క లేదన్న ఒక్క కారణంతో తిప్పిపంపొద్దని 2025 ఆగస్టులో లోక్‌సభలో ఆర్థికశాఖే చెప్పింది. ఇతనికి పాత లెక్క ఉంది, అదీ తప్పులెక్క. ఆ ముక్క కౌంటర్ దగ్గరే చెప్పి ఉంటే మేడమెట్లు ఎక్కేవాడు కాదు. వచ్చే సోమవారం పదిమందిమి పోయి మేనేజర్‌ను ఇదే అడుగుతాం.

కంపెనీకి రాసి ఇవాళ్టికి 19 రోజులు. 31వ రోజు నుంచి ఆ వంద లెక్క మేమూ ఒక పుస్తకంలో రాసుకుంటాం.